బిడ్డను చేర్చుకునే ముందు ఆ తల్లి గడప తొక్కండి

సంఘ కాపరులకు, పెద్దలకు, స్త్రీల సమాజం అమ్మగార్లకు, పిల్లల హోమ్‌లు నడుపుతున్న కమిటీల వారికి, ఆ పిల్లల కోసం నెలనెలా కానుక పంపే విశ్వాసులకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను ఒక క్రైస్తవ హోమ్‌లో పదేళ్లు పెరిగాను. ఏడేళ్లప్పుడు చేరాను, పదిహేడేళ్లకు బయటికి వచ్చాను. నాకు తిండి పెట్టి, చదువు చెప్పించి, వాక్యం నేర్పించింది ఆ హోమే. జ్వరం వస్తే రాత్రంతా నా తల దగ్గర కూర్చున్న వార్డెన్ అమ్మను నేను ఈ రోజుకీ ప్రార్థనలో తలుచుకుంటాను. ఇప్పుడు సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, రాయబోయే మాటలు చదివాక నన్ను కృతజ్ఞత లేనిదాన్ని అనుకోకూడదని.

నేను అనాథను కాను. అప్పుడూ కాను. మా అమ్మ బతికే ఉంది.

నాన్న జబ్బుచేసి పోయారు. వైద్యానికి చేసిన అప్పులు మిగిలాయి. అమ్మకు నేనూ, రెండేళ్ల తమ్ముడూ. కూలికి వెళ్తే తమ్ముణ్ణి చూసేవాళ్లు లేరు, వెళ్లకపోతే పూట గడవదు. మా పాస్టర్ గారు నిజంగా మనసున్న మనిషి. మా కష్టం చూసి ఆయన కళ్లనీళ్లు పెట్టుకోవడం నాకు గుర్తుంది. "ఆడపిల్లను హోమ్‌లో చేర్పిద్దాం అమ్మా, చదువు, తిండి అన్నీ వాళ్లే చూసుకుంటారు, నీ బరువు సగం తగ్గుతుంది" అన్నారు. అమ్మ సరేనంది. కాదంటే చూపించడానికి ఆమెకు ఇంకో దారి లేదు. ఆ ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పారు, దేవుడు ఒక అనాథకు నీడ చూపించాడని. అమ్మ అక్కడే, ఆడవాళ్ల వరుసలో కూర్చుని ఉంది.

మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో, నా పేరున కానుక పంపే స్పాన్సర్‌కు ఉత్తరం రాయమన్నారు. బోర్డు మీద నమూనా రాసిపెట్టారు. అందరం అది చూసి మా పేర్లు మార్చుకుని రాయాలి. అందులో ఒక వాక్యం, "నాకు ఎవరూ లేరు, మీరే నాకు తల్లీ తండ్రీ." అంతకుముందు రోజే అమ్మ నన్ను చూడటానికి వచ్చి వెళ్లింది. నా జడలో ఆమె కట్టిన రిబ్బన్ ఇంకా విప్పలేదు. ఆ రిబ్బన్‌తోనే కూర్చుని, నా చేత్తో, గుండ్రటి అక్షరాలతో "నాకు ఎవరూ లేరు" అని రాశాను. మంచి చేతిరాత అని మెచ్చుకున్నారు. అమ్మకు చదువు రాదు కాబట్టి ఆ ఉత్తరం ఆమె కంట పడినా ఫరవాలేదని ఆ వయసులోనే అనుకున్నాను. ఏళ్లు గడిచినా ఆ ఆలోచన నన్ను వదలలేదు.

పెద్దయ్యాక ఒకరోజు అమ్మను అడిగాను, "అప్పుడు మనకు ఎంత ఉంటే నేను ఇంట్లోనే ఉండేదాన్ని?" అని. అమ్మ ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకుందో మరి. "ఒక ఏడాది గింజలు, నీ బడి ఖర్చు, పగటిపూట తమ్ముణ్ణి చూసే మనిషి. అప్పు నెమ్మదిగా నేనే తీర్చుకునేదాన్ని" అంది. ఆ పదేళ్లలో నా పేరున హోమ్‌కు వచ్చిన కానుకలు దీనికి ఎన్ని రెట్లో నేను లెక్క కట్టలేను. మా సంఘం ఆ ఏడాది ఖర్చు భరించలేనిదేమీ కాదు. ఎవరికీ ఆ ప్రశ్న తట్టలేదు, అంతే. బీద ఇంటి బిడ్డ అనగానే అందరి మనసులోకీ హోమ్ ఒక్కటే వచ్చింది.

అయ్యగార్లూ, అమ్మగార్లూ, మనం ఎప్పుడూ ఎత్తి చూపించే వచనం యాకోబు 1:27. "తండ్రియైన దేవునియెదుట పవిత్రమును నిష్కళంకమునైన భక్తి యేదనగా, దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుట." హోమ్ గోడల మీద, రసీదు పుస్తకాల మీద, కేలండర్ల మీద ఈ మాట చూస్తూనే పెరిగాను. అందులో పరామర్శ అనే మాట దగ్గర ఒక్కసారి ఆగండి. మన తెలుగులో పరామర్శ అంటే ఏమిటి? కష్టం వచ్చిన ఇంటికి మనమే వెళ్లడం. దుఃఖంలో ఉన్నవాళ్లను మన దగ్గరికి పిలిపించుకుని ఎవరూ పరామర్శించరు. పిల్లలను, విధవరాండ్రను యాకోబు ఒకే ఊపిరిలో చెప్పాడు. చాలా ఇళ్లలో వాళ్లిద్దరూ ఉండేది ఒకే కప్పు కింద. మనం ఆ మాటను మధ్యకు చీల్చి, పిల్లలకు ఒక భవనం కట్టాం, విధవరాలిని ఆమె గుడిసెలోనే వదిలేశాం.

యాకోబు వాడిన గ్రీకు క్రియాపదమే లూకా 7లో కూడా ఉంది. నాయీను ఊరి గవిని దగ్గర ఒక విధవరాలి ఒక్కగానొక్క కొడుకు శవాన్ని మోసుకుపోతుంటే యేసు ప్రభువు ఆపి లేపాడు. అది చూసినవాళ్లు దేవుడు తన ప్రజలకు దర్శనమిచ్చాడని అన్నారు. ఆ దర్శనమూ, యాకోబు చెప్పిన పరామర్శా ఒకటే మాట. లేపిన తర్వాత ప్రభువు చేసిన పని చూడండి. "అతనిని అతని తల్లికి అప్పగించెను" అని రాసి ఉంది. అంతటి అద్భుతం జరిగాక ఆ అబ్బాయిని వెంట తీసుకెళ్లి ఊరూరా సాక్ష్యంగా నిలబెట్టవచ్చు. ఆయన అలా చేయలేదు, తల్లి చేతుల్లో పెట్టాడు.

రాజుల రెండో గ్రంథం నాలుగో అధ్యాయం మీ అందరికీ కంఠతా వచ్చే ఉంటుంది. ప్రవక్తల శిష్యుల్లో ఒకతను చనిపోతే, అప్పులవాడు వచ్చి అతని ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోబోతాడు. ఆ తల్లి ఎలీషా ప్రవక్త దగ్గర మొరపెట్టుకుంటుంది. మా అమ్మ కథ అచ్చంగా ఇదే కాబట్టి ఈ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ పిల్లలను నా దగ్గర వదిలిపెట్టు, ప్రవక్తల దగ్గర పెరుగుతారు అని ఎలీషా అనవచ్చు, అలా అన్నా ఎవరూ తప్పుపట్టరు. ఆయన మాత్రం నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. ఒక నూనె కుండ ఉందంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, తలుపు వేసుకుని కొడుకులతో కలిసి నింపమన్నాడు. చివరికి ఆ నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలిన దానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. అప్పు తీరింది, చేతికి ఆదాయం వచ్చింది, ఇరుగుపొరుగు పాత్రలిచ్చారు, పిల్లలు తల్లి పక్కనే నిలబడి పని చేశారు. కుటుంబాన్ని నిలబెట్టడమంటే ఏమిటో ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు?

ఇంకో సంగతి. మోషేను నీళ్లలోంచి తీసిన ఫరో కూతురు, తనకు తెలియకుండానే, బిడ్డను పాలిచ్చి పెంచడానికి అతని కన్నతల్లికే జీతం ఇచ్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ లేని ఎస్తేరును బంధువైన మొర్దెకై కూతురిలా పెంచుకున్నాడు. సిలువ మీద ఉండి ప్రభువు తన తల్లిని శిష్యుడికి అప్పగిస్తే, ఆ గడియ నుంచి అతను ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. ఎక్కడ చూసినా ఇల్లే. కీర్తన 68లో దేవుణ్ణి తండ్రి లేనివారికి తండ్రి అని పిలిచిన వెంటనే వచ్చే మాట, "దేవుడు ఏకాంగులను సంసారులుగా చేయువాడు." ఒంటరివాళ్లకు ఆయన ఇచ్చేది సంసారం.

తొలి సంఘం దీన్ని ఇలాగే అర్థం చేసుకుంది. క్రీస్తు శకం 197 ప్రాంతంలో టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత రాసిన సమర్థన గ్రంథంలో, విశ్వాసులు నెలకోసారి తోచినంత వేసే కానుక దేనికి ఖర్చవుతుందో చెప్పాడు. బీదలకు తిండి, వాళ్ల సమాధి ఖర్చు, ఆస్తీ తల్లిదండ్రులూ లేని అబ్బాయిలు, అమ్మాయిలు, ఇల్లు కదలలేని ముసలివాళ్లు. నాలుగో శతాబ్దానికి చెందిన అపొస్తలుల నిబంధనలు అనే సంఘ క్రమశిక్షణ గ్రంథంలో ఇంకా సూటిగా ఉంది. ఒక విశ్వాసి బిడ్డ దిక్కులేకుండా మిగిలితే, పిల్లలు లేని సహోదరుడు ఎవరైనా ఆ బిడ్డను తన బిడ్డగా తీసుకోవాలి అని.

జార్జ్ ముల్లర్ పేరు మీలో ఎవరైనా ఎత్తుతారని నాకు తెలుసు. నేను కూడా ఆయన జీవితం చదివి కన్నీళ్లు పెట్టుకున్నదాన్నే. ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా, ప్రార్థన మీద ఆధారపడి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జీవితకాలంలో 10,000 మందికి పైగా పిల్లలను సాకిన మనిషి ఆయన. కానీ ఆయన 1836లో మొదటి ఇల్లు తెరిచినప్పుడు పెట్టుకున్న నియమం, తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయిన పిల్లలనే తీసుకోవాలని. ఈ నియమం పెడితే మన హోమ్‌లలో ఎన్ని మంచాలు ఖాళీ అవుతాయో ఒక్కసారి రిజిస్టర్ తీసి చూడండి. ఆయన పోయిన అరవై ఏళ్లకు, 1958లో, ఆయన పరిచర్యను నడిపిస్తున్నవాళ్లే ఆష్లీ డౌన్‌లోని ఆ పెద్ద భవనాలను అమ్మేసి పిల్లలను చిన్న చిన్న ఇళ్లలోకి మార్చారు. ముల్లర్ విశ్వాసాన్ని వాళ్లు విడిచిపెట్టలేదు. పిల్లలకు ఏది మంచిదో కొత్తగా తెలిసినప్పుడు, కట్టిన గోడలను పట్టుకుని వేలాడలేదు.

ఆ కొత్తగా తెలిసిన సంగతులు మనకూ తెలియాలి. రుమేనియాలో 1989లో నియంత చౌషెస్కు ప్రభుత్వం కూలిపోయేసరికి లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ సంస్థల్లో ఉన్నారు. బుకారెస్ట్‌లో 2000లో ఒక అధ్యయనం మొదలైంది. అలాంటి సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లలను తీసుకుని, సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల తెలివితేటలు, మాట, మనుషులతో బంధం కలుపుకునే తీరు మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లలో ఆ మార్పు ఎక్కువగా కనిపించింది. మన హోమ్‌లు ఆ సంస్థలంత ఘోరంగా లేవు, ఒప్పుకుంటాను. అయినా ముప్పై మందికి ఒక వార్డెన్ ఉన్నచోట, ఎంత ప్రేమగల మనిషైనా ఒక్కో బిడ్డకు ఎన్ని నిమిషాలు ఇవ్వగలదు? ఎనిమిది గంటల డ్యూటీ చేసి మారిపోయే అమ్మలకు అలవాటుపడిన బిడ్డ, వచ్చిన ప్రతి కొత్త మనిషినీ పరిగెత్తుకెళ్లి వాటేసుకుంటుంది. అది చూసి సందర్శకులు ఎంత ప్రేమగల పిల్లో అని మురిసిపోతారు. నేనూ అలాగే వాటేసుకునేదాన్ని. అది ప్రేమ కాదని, ఎవరు ఉండిపోతారో తెలియని భయమని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అనాథల లెక్క విషయంలో కూడా మనం పొరపాటు పడుతున్నాం. ప్రపంచంలో దాదాపు 14 కోట్ల మంది అనాథలున్నారని 2015 నాటి యూనిసెఫ్ అంచనా. ఈ అంకె మన కరపత్రాల్లో తరచూ కనిపిస్తుంది. కానీ ఆ లెక్కలో తల్లిదండ్రుల్లో ఒక్కరిని పోగొట్టుకున్న పిల్లలు కూడా ఉన్నారు. ఇద్దరినీ పోగొట్టుకున్నవాళ్లు సుమారు కోటిన్నర. అంటే మనం అనాథ అని పిలుస్తున్న పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు. వాళ్లకు కరువైంది డబ్బు, పని, ఆసరా. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. లోక ప్రభుత్వాలు ఒప్పుకున్న ఈ మాట సంఘం నోట ముందుగా రావలసింది.

ఇంకో మాట చెప్పడానికి నాకు భయంగానే ఉంది, అయినా చెప్పాలి. హోమ్ కట్టాక అది నిండుగా ఉండాలి. మంచం ఖాళీ అయితే ఆ పేరున వచ్చే కానుక ఆగిపోతుంది. అలా మెల్లగా, ఎవరి మనసులోనూ చెడు లేకుండానే, పిల్లల కోసం మొదలైన హోమ్ పిల్లలను వెతుక్కోవడం మొదలుపెడుతుంది. బీద ఇళ్లకు వెళ్లి మీ అమ్మాయిని పంపండి, చదివిస్తాం అని అడగడం మనలో చాలామందికి మామూలే. ఇక చెడు ఉద్దేశం ఉన్నవాళ్ల చేతిలో పడితే అది వ్యాపారమే. దాతల డబ్బు కోసం పిల్లలను హోమ్‌లకు తరలించే ఈ వ్యవహారాన్ని ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ 2017లో ఆధునిక బానిసత్వం మీద ఇచ్చిన నివేదికలో చర్చించింది. మనం నమ్మకంతో పంపే కానుక ఎక్కడికి చేరుతోందో అడిగే హక్కూ బాధ్యతా మనకు ఉన్నాయి.

అన్ని ఇళ్లూ బిడ్డకు క్షేమం కాదని నాకు తెలుసు. నాతో పెరిగిన ఒక అమ్మాయికి ఇంట్లోనే ప్రమాదం ఉండేది. సెలవులు వస్తున్నాయంటే అందరం సంతోషపడుతుంటే ఆమె మాత్రం వణికిపోయేది. అలాంటి బిడ్డను కుటుంబం పేరుతో వెనక్కి పంపడం పాపం. ఆమెకు వేరే ఇల్లు కావాలి. చట్టప్రకారం చూసి, విచారించి ఎంపిక చేసిన పెంపుడు కుటుంబం కావాలి, లేదా దత్తత కావాలి. అది దొరికేదాకా ఉండటానికి కొద్దిమంది పిల్లలతో ఒక చిన్న ఇల్లు కావాలి. రేపే హోమ్‌లన్నిటికీ తాళాలు వేయమని నేను అడగడం లేదు. తొందరపడి ఇళ్లకు పంపేస్తే పిల్లలు రెండోసారి దెబ్బ తింటారు.

నేను అడిగేది ఇది. ఇక మీద ఎవరైనా ఒక బిడ్డను హోమ్‌లో చేర్చమని తీసుకొస్తే, అప్లికేషన్ ఫారం తీయకముందు ఆ ఇంటికి వెళ్లండి. ఒక్కసారి వెళ్లి రావడం కాదు, నాలుగుసార్లు వెళ్లండి. ఎలీషా అడిగిన ప్రశ్నే అడగండి, నీ ఇంట్లో ఏముంది అని. ఆ తల్లికి వచ్చిన పని ఏమిటి, అప్పు ఎంత, అమ్మమ్మ ఉందా, పిన్ని ఉందా, బాబాయి ఉన్నాడా, పగటిపూట పసివాణ్ణి ఎవరు చూస్తారు, ప్రభుత్వం నుంచి ఆమెకు రావలసింది ఏదైనా రాకుండా ఆగిపోయిందా. ఆ ఆఫీసుకు ఆమెతో పాటు వెళ్లి క్యూలో నిలబడే మనిషి సంఘంలో ఒకరు ఉంటే సగం సమస్య తీరుతుంది. హోమ్‌లో ఒక బిడ్డ మీద పెట్టే ఖర్చు ఆ తల్లి చేతికి, ఆమె ఇంటికి చేరేలా చూడండి. ఆ సాయానికి సంఘానికి రావాలన్న షరతు పెట్టకండి. ఆమె ఎవరైనా సరే, ప్రభువు చెప్పిన ఉపమానంలో, దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి నీది ఏ మతమని సమరయుడు అడగలేదు.

ఇప్పటికే హోమ్‌లో ఉన్న పిల్లల విషయంలో, ఒక్కో బిడ్డ ఫైలూ తీసి ఎవరున్నారో వెతకండి. ఏళ్ల తరబడి రాని మేనత్త కూడా అడిగితే ముందుకు రావచ్చు. కలపండి, సెలవుల్లో పంపి చూడండి, వెళ్లాక కూడా సాయం ఆపకండి. సంఘంలో పిల్లలు లేని దంపతులు ఎంతమంది ప్రార్థన చేయించుకుంటున్నారో కాపరులుగా మీకే తెలుసు. వాళ్లతో పెంపకం గురించీ దత్తత గురించీ మాట్లాడండి. చట్టం చెప్పిన దారిలోనే నడవమనండి. చాటుగా బిడ్డను చేతులు మార్చడం, ఎంత మంచి మనసుతో చేసినా, ఆ బిడ్డకు ద్రోహమే.

పెద్దవాళ్లయ్యారని పంపేసే పిల్లలను మరిచిపోకండి. నేను బయటికి వచ్చిన రోజు నా చేతిలో ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు ఉన్నాయి. బ్యాంకులో ఖాతా ఎలా తెరవాలో, జబ్బు చేస్తే ఎవరికి చెప్పాలో తెలియదు. అమ్మ ఉంది కాబట్టి వెళ్లడానికి ఒక ఇల్లు ఉంది, కానీ ఆ ఇంట్లో నేను చుట్టాన్ని. తమ్ముడు నన్ను మీరు అని పిలిచాడు. మేం అక్కా తమ్ముళ్లం కావడానికి మళ్లీ కొన్నేళ్లు పట్టింది.

దయచేసి మా ముఖాలను స్క్రీన్ మీద వేయకండి. క్రిస్మస్‌కు కొత్త బట్టలు పంచుతూ ఫోటోలు తీసి, కింద అనాథ పిల్లలు అని రాయకండి. ఆ ఫోటో రేపు మా తరగతి పిల్లల ఫోన్లలోకి వస్తుంది. మీ ఇంటి పిల్లకు బట్టలు కొన్నప్పుడు అలా ఫోటో వేస్తారా? "మిమ్మును అనాథలనుగా విడువను" అని ప్రభువు శిష్యులకు మాట ఇచ్చాడు. ఆయన విడువనన్న ఆ పేరును మనం పిల్లల మెడలో కట్టకూడదు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఈ లేఖ రాస్తున్నానని చెప్పి, స్పాన్సర్‌కు రాసిన ఉత్తరం సంగతి మొదటిసారి ఆమెకు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు రిబ్బన్ ఏ రంగుదో గుర్తుందా?" అని అడిగింది. నాకు గుర్తు లేదు. ఆమెకు ఉంది.

మీ హోమ్ రిజిస్టర్ తీసి, ఏ బిడ్డ తల్లి ఎక్కడ ఉందో వెతకడానికి మీరు బయలుదేరితే, మీతో నడవడానికి నేను సిద్ధం. ఆ ఇళ్లలోకి వెళ్లి ఏం అడగాలో, ఏం అడగకూడదో నాకు కొంత తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక నాకు ఖాళీయే. అమ్మ కూడా వస్తానంది.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక సండే స్కూల్ టీచర్